పార్టిషన్ సైజు మార్చాలా? ముందు ఏ అంచు జరుగుతోందో చూడండి

సి డ్రైవ్ నిండిపోయి గుర్తు ఎర్రగా మారుతుంది. పక్కనే డి డ్రైవ్‌లో 300 జీబీ ఊరికే పడి ఉంటుంది. అందులోంచి కొంత ఇటు జరపాలి, ఒక్క ఫైలు కూడా పోకూడదు. దారి కోసం వెతికితే పది సాఫ్ట్‌వేర్ల పేర్లు కనిపిస్తాయి. ప్రతి దాని పక్కనా 'డేటా పోదు' అనే రాసి ఉంటుంది. ఏది దించుకోవాలో తేలక టెన్షన్ మొదలవుతుంది.

నా అభిప్రాయంలో ఏ సాఫ్ట్‌వేర్ అన్నది తర్వాతి సంగతి. మీరు చేయబోయే మార్పులో పార్టిషన్ (సి, డి లాగా డిస్క్‌లో విడదీసిన ఒక భాగం) కుడి అంచు జరుగుతుందా, ఎడమ అంచు జరుగుతుందా? రిస్క్ ఎంత, సమయం ఎంత, ఏ పనిముట్టు సరిపోతుంది అన్నవన్నీ చాలావరకు ఈ ఒక్క జవాబు మీదే ఆధారపడతాయి.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

అంచు. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కితే వచ్చే మెనూలో డిస్క్ మేనేజ్‌మెంట్ ఉంటుంది. అది తెరిస్తే కింది సగంలో మీ డిస్క్ ఒక పొడవాటి పట్టీలా కనిపిస్తుంది. పట్టీ ఎడమ చివర డిస్క్ మొదలు. ఏ ఫైలు ఎక్కడుందో ఫైల్ సిస్టమ్ (పార్టిషన్‌లో ఫైళ్లను సర్దిపెట్టే పద్ధతి) గుర్తుపెట్టుకునేది 'ఈ పార్టిషన్ మొదలు నుంచి ఇన్నో క్లస్టర్' అనే లెక్కలో. క్లస్టర్ అంటే డిస్క్ మీది ఒక చిన్న గడి.

అందుకే కుడి అంచును ముందుకు పెంచడం చిన్న పని. కొత్త ఖాళీని లెక్కలో చేర్చుకుంటే అయిపోతుంది. కుడి అంచును వెనక్కి తేవడం కొంచెం పెద్ద పని. ఆ చివర ఉన్న ఫైళ్లను లోపలికి సర్దాలి. ఎడమ అంచు జరిగితే మాత్రం లెక్క మొదలయ్యే చోటే మారిపోతుంది. లోపలున్న డేటా మొత్తాన్ని చదివి, అదే డిస్క్ మీద కొత్త చోట తిరిగి రాయాలి. సెకనుకు 50 ఎంబీ చొప్పున 400 జీబీ జరగాలంటే రెండు గంటల పైనే పడుతుంది. ఈలోగా కరెంటు పోతే డేటా సగం పాత చోట, సగం కొత్త చోట ఉండిపోతుంది.

చిక్కేమిటంటే, చాలామందికి కావలసిన 'డి నుంచి సి కి' మార్పు ఈ మూడో రకం. సి కి కుడి పక్కన ఖాళీ రావాలంటే డి ఎడమ అంచు జరగాలి కదా.

ఫైల్ సిస్టమ్. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పెరుగుతుంది, తగ్గుతుంది. లినక్స్‌లో ఈఎక్స్‌టీ4 వాడుకలో ఉండగానే పెరుగుతుంది కానీ తగ్గించాలంటే అన్‌మౌంట్ చేయాలి, అంటే వాడకం ఆపి విడదీయాలి. బీటీఆర్ఎఫ్ఎస్‌ను వాడుతూనే పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఎక్స్ఎఫ్ఎస్ మాత్రం పెరగడమే కానీ తగ్గడం ఉండదనుకుని ప్లాన్ చేసుకోండి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 నుంచి ఇదే డిఫాల్ట్ కాబట్టి సర్వర్లు చూసుకునేవాళ్లకు తరచూ ఎదురయ్యే అడ్డంకి ఇది.

ఎన్‌క్రిప్షన్. డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సౌకర్యం బిట్‌లాకర్ మీరు ఆన్ చేయకపోయినా ఆన్ అయి ఉండవచ్చు. విండోస్ 11 లో 24హెచ్2 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన చాలా మెషీన్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతోంది. సెట్టింగ్స్‌లో చూసుకోండి. 48 అంకెల రికవరీ కీని ఫోన్‌లోనో కాగితం మీదో రాసి పెట్టుకోండి. అదే కంప్యూటర్‌లో దాచుకుంటే అవసరమైనప్పుడు చేతికి అందదు.

డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి టూల్ 'కాషన్' అని పసుపు రంగు చూపిస్తుంటే, రీఅలొకేటెడ్ లేదా పెండింగ్ సెక్టార్లు (పాడైన, లేదా పాడైనట్టు అనుమానమున్న చోట్లు) కనిపిస్తుంటే, సైజు మార్చే ఆలోచన అక్కడే ఆపేయండి. ఆ డిస్క్‌తో చేయాల్సిన పని ఒక్కటే, ఉన్న డేటాను వేరే డిస్క్‌కు తీసుకోవడం.

బ్యాకప్. డి డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నది బ్యాకప్ అవుతుందని చాలామంది నమ్మకం. సి, డి రెండూ ఒకే డిస్క్ మీద ఉన్నప్పుడు అది బ్యాకప్ కాదు. పార్టిషన్ టేబుల్ (ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి ఉండే పట్టిక) దెబ్బతింటే రెండూ కలిసే మాయమవుతాయి. బ్యాకప్ వేరే డిస్క్ మీద ఉండాలి. అందులోంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసి ఉండాలి.

## అసలు మార్చకుండా గడిచిపోతుందా?

ఈ దారిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు కానీ, సి లో 20, 30 జీబీ దొరికితే చాలనుకునేవాళ్లకు తరచూ ఇదే సరైన జవాబు. డౌన్‌లోడ్స్, వీడియోస్, పిక్చర్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో 'లొకేషన్' ట్యాబ్ ఉంటుంది. అక్కడ డి లోని ఒక ఫోల్డర్ చూపిస్తే ఫైళ్లన్నీ అటు వెళ్లిపోతాయి, ప్రోగ్రామ్‌లు ఎప్పటిలాగే వెతుక్కుంటాయి. పెద్ద అప్‌డేట్ తర్వాత మిగిలే 'విండోస్ డాట్ ఓల్డ్' ఫోల్డర్‌ను స్టోరేజ్ సెట్టింగ్స్ నుంచి తీసేయవచ్చు. హైబర్నేషన్ (పని స్థితిని డిస్క్‌లో దాచి కంప్యూటర్‌ను ఆపడం) వాడనివాళ్లు దాన్ని ఆపేస్తే ర్యామ్ సైజును బట్టి కొన్ని జీబీలు తిరిగి వస్తాయి.

మ్యాక్ వాడేవాళ్లలో చాలామందికి ఈ సమస్యే ఉండదు. 2017 లో హై సియెర్రాతో వచ్చిన ఏపీఎఫ్ఎస్‌లో ఒక కంటైనర్‌లోని వాల్యూమ్‌లన్నీ ఉన్న ఖాళీని పంచుకుంటాయి. కొత్త వాల్యూమ్ చేర్చుకుంటే సరిపోతుంది, గీతలు జరపనక్కర్లేదు.

## విండోస్‌తో వచ్చే డిస్క్ మేనేజ్‌మెంట్

కుడి అంచు మాత్రమే జరగాల్సి ఉంటే ఇది చాలు. వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి. విండోస్ నడుస్తుండగానే పని జరుగుతుంది, అన్‌లాక్ అయి ఉన్న బిట్‌లాకర్ డ్రైవ్‌తోనూ ఇబ్బంది పడదు. ఎడమ అంచు జరపడం దీనికి రాదు. అది లోపమే అయినా, అనుభవం లేనివాళ్లు ఆ ప్రమాదకరమైన పని పొరపాటున మొదలుపెట్టకుండా కాపాడే లోపం.

తగ్గించేటప్పుడు అడిగే అంకె ఎంబీలో ఉంటుంది. 100 జీబీ తీయాలంటే 102400 అని రాయాలి. ఇక్కడ అందరినీ విసిగించే విషయం ఒకటుంది. డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ ఉన్నా, తగ్గించగలిగేది 9 జీబీ అని చూపిస్తుంది. కారణం, కదలని ఫైలు ఏదో కుడి చివరకు దగ్గరగా కూర్చుని ఉంటుంది. పేజ్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది), హైబర్నేషన్ ఫైలు, సిస్టమ్ రిస్టోర్ కాపీలు ఇలాంటివే.

అది ఏ ఫైలో ఊహించుకోనక్కర్లేదు, విండోస్ పేరు పెట్టి చెబుతుంది. ఒకసారి ష్రింక్ (తగ్గించడం) ప్రయత్నించాక ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్‌లోకి వెళ్లండి. సోర్స్ 'డీఫ్రాగ్', ఐడీ 259 ఉన్న ఎంట్రీ చూడండి. చివరి కదలని ఫైలు ఏదో అందులో దారితో సహా రాసి ఉంటుంది. హైబర్నేషన్ ఫైలైతే, అడ్మిన్ హక్కులతో తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేషన్ ఆఫ్ చేయండి. పేజ్ ఫైలైతే తాత్కాలికంగా తీసేసి రీస్టార్ట్ చేయండి. రిస్టోర్ పాయింట్లయితే సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపండి. మళ్లీ ప్రయత్నిస్తే అంకె పెరుగుతుంది. ఇంకా పెరగకపోతే లాగ్‌లో కొత్త పేరు వస్తుంది, దాని సంగతి చూడండి. పనయ్యాక ఇవన్నీ తిరిగి ఆన్ చేయడం మరవకండి.

పెంచేటప్పుడు ఎదురయ్యేది 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' బూడిద రంగులో ఉండిపోవడం. సి కి కుడి పక్కన ఖాళీ ఆనుకుని లేకపోతే అది వెలగదు. చాలా మెషీన్లలో సి తర్వాత వెంటనే కొన్ని వందల ఎంబీల రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేసుకోవడానికి) ఉంటుంది. డి ని మొత్తం తీసేసినా ఈ చిన్న ముక్క మధ్యలో అడ్డం నిలబడుతుంది.

ఒక హెచ్చరిక. కొన్నిసార్లు ఆనుకుని లేని ఖాళీని కలపబోతే, డిస్క్‌ను 'డైనమిక్'గా మార్చమంటారా అని విండోస్ అడుగుతుంది. వద్దు అనండి. డైనమిక్ డిస్క్‌ను తిరిగి బేసిక్‌గా మార్చడానికి విండోస్ మామూలు దారి వాల్యూమ్‌లన్నీ చెరిపేయడమే. డ్యూయల్ బూట్ (ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు) ఉన్నవాళ్లకు తలనొప్పి ఇంకా ఎక్కువ.

## డిస్క్‌పార్ట్

ఇదీ విండోస్‌తోనే వస్తుంది. చేయగలిగిన పని దాదాపు అదే, మౌస్ బదులు కమాండ్‌లు. రికవరీ పార్టిషన్‌ను తీసి మళ్లీ పెట్టాల్సి వచ్చినప్పుడు ఇది తప్పదు. 2024 జనవరిలో వచ్చిన కేబీ5034441 అప్‌డేట్ గుర్తుందా? రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేనివాళ్లకు అది 0ఎక్స్80070643 ఎర్రర్‌తో ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సూచన డిస్క్‌పార్ట్‌తో సి ని 250 ఎంబీ తగ్గించి, రికవరీ పార్టిషన్‌ను పెద్దది చేసి కొత్తగా పెట్టుకోవడమే.

క్రమం ముఖ్యం. ముందు రీఏజెంట్‌సీ కమాండ్‌తో రికవరీ సౌకర్యాన్ని డిసేబుల్ చేయాలి. అప్పుడు దాని ఫైలు సి లోకి వచ్చి భద్రంగా ఉంటుంది. ఆ తర్వాతే పార్టిషన్ తీసేయాలి, చివర్లో మళ్లీ ఎనేబుల్ చేయాలి.

దీంతో భయం ఎక్కడంటే, ఇది రెండోసారి అడగదు. తప్పు డిస్క్ ఎంచుకుని 'క్లీన్' అని కొడితే 'నిజంగానా?' అన్న ప్రశ్న కూడా లేకుండా పార్టిషన్ టేబుల్ ఖాళీ అవుతుంది. వాడేవాళ్లు ప్రతి కమాండ్ ముందు డిస్క్‌ల లిస్టు తెప్పించి, నక్షత్రం గుర్తు ఏ డిస్క్ పక్కన ఉందో చూసుకోవాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌తో అయ్యే పనికి దీని జోలికి వెళ్లొద్దు.

## జీపార్టెడ్ లైవ్

ఇది లినక్స్ ఆధారంగా నడిచే పార్టిషన్ టూల్. ఎడమ అంచు జరపగలదు, ఉచితం, సోర్స్ అందరికీ కనిపిస్తుంది. యూఎస్‌బీ నుంచి బూట్ అవుతుంది కాబట్టి విండోస్ అసలు నడవదు. అందువల్ల పేజ్ ఫైలు లాంటివి అడ్డుపడవు. ఎన్‌టీఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4, బీటీఆర్ఎఫ్ఎస్ అన్నింటినీ ఒకే తెర మీద చూపిస్తుంది. లినక్స్ పార్టిషన్ల విషయంలో నేను మొదట చెప్పే పేరు ఇదే.

విండోస్ పార్టిషన్ మీద వాడాలంటే రెండు షరతులు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు, కొంత భాగం హైబర్నేట్ అయి ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న ఎన్‌టీఎఫ్ఎస్‌ను జీపార్టెడ్ ముట్టుకోనంటుంది. బలవంతం చేసే దారులు వెతకకండి. విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ ఆపి, మళ్లీ షట్‌డౌన్ చేసి రండి. రెండోది బిట్‌లాకర్. దాన్ని 'సస్పెండ్' చేస్తే సరిపోతుందని అనుకుంటారు. సస్పెండ్ చేసినా డిస్క్ మీది డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. పూర్తిగా డీక్రిప్ట్ చేస్తేనే జీపార్టెడ్‌కు లోపలి ఫైల్ సిస్టమ్ కనిపిస్తుంది.

మార్పులన్నీ ముందు వరుసలో చేరతాయి, 'అప్లై' నొక్కేదాకా డిస్క్ మీద ఏమీ మారదు. ఆ ముందు కింద ఉన్న జాబితాను తీరిగ్గా చదవండి. 'మూవ్' అన్న మాట ఎక్కడైనా ఉంటే ఎడమ అంచు జరుగుతోందని అర్థం. పని తర్వాత విండోస్ మొదటిసారి బూట్ అయ్యేటప్పుడు చెక్ డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ పనిముట్టు) నడిస్తే కంగారుపడి ఆపకండి, అది అనుకున్నదే.

## బయటి కంపెనీల పార్టిషన్ టూల్స్

మినీటూల్ పార్టిషన్ విజార్డ్, ఏఓఎంఈఐ పార్టిషన్ అసిస్టెంట్, ఈజ్‌యూఎస్ పార్టిషన్ మాస్టర్. పనితీరులో ఇవి ఒకే కుటుంబం. విండోస్ లోపలి నుంచే ఎడమ అంచు కూడా జరుపుతాయి, మధ్యలో ఉన్న రికవరీ పార్టిషన్‌ను పక్కకు తోస్తాయి. సిస్టమ్ పార్టిషన్ అయితే రీస్టార్ట్ చేసి, విండోస్ లోడ్ కాకముందే పని ముగిస్తాయి. బూట్ యూఎస్‌బీ తయారు చేయడం రాని వారికి ఇదే అన్నింటికన్నా సులువు.

సులువు అన్నాను, సురక్షితం అనలేదు. డిస్క్ మీద జరిగే పని జీపార్టెడ్ చేసేదే, కరెంటు పోతే నష్టమూ అంతే. ఉచిత వెర్షన్ సాధారణంగా ఇంటి వాడకానికే, ఆఫీసు మెషీన్లలో వాడే ముందు లైసెన్స్ చదవాలి. కొన్ని పనులు అప్లై నొక్కే దగ్గర డబ్బు అడుగుతాయి. దించుకునేది కంపెనీ సొంత సైటు నుంచే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదనపు టిక్కులు తీసేస్తూ.

## బ్యాకప్ తీసి, చెరిపి, మళ్లీ పెట్టడం

నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే, ఎక్కువమంది వద్దనేదీ ఇదే. పాతకాలం పద్ధతిలా అనిపిస్తుంది మరి. కానీ 'డి నుంచి సి కి' మార్పులో దీని బలం చూడండి. డి లోని ఫైళ్లను బయటి డిస్క్‌కు కాపీ చేస్తారు. డి ని డిలీట్ చేస్తారు. మధ్యలో రికవరీ పార్టిషన్ ఉంటే డిస్క్‌పార్ట్ భాగంలో చెప్పినట్టు దాన్ని తీస్తారు. సి ని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుడికి పెంచుతారు. మిగిలిన చోట కొత్త డి చేసి ఫైళ్లు తిరిగి పెడతారు. ఎడమ అంచు జరపడం అన్న మాటే రాలేదు. కరెంటు ఎప్పుడు పోయినా డేటాకు ఒక పూర్తి కాపీ ఎక్కడో ఒక చోట చెక్కుచెదరకుండా ఉంది.

ఎలాగూ బ్యాకప్ తీయాల్సిందే కదా. తీశాక, అదే డిస్క్ మీద గంటల తరబడి డేటా జరపడం కన్నా చెరిపి కాపీ చేసుకోవడం చాలాసార్లు త్వరగా అవుతుంది. మామూలు హార్డ్ డిస్క్ విషయంలో మరీను. ఒకే డిస్క్ మీద చదవడం, రాయడం ఒకేసారి సాగితే దాని హెడ్ అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి.

ఇబ్బంది రెండు చోట్ల. బయటి డిస్క్ ఉండాలి. డి లో ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ అయి ఉంటే కొత్త డి కి కూడా అదే అక్షరం ఇవ్వాలి, పర్మిషన్లతో సహా కాపీ కావాలి. అలాంటప్పుడు ఫైళ్ల కాపీ బదులు రెస్క్యూజిల్లా లేదా క్లోనెజిల్లాతో ఇమేజ్ (పార్టిషన్ మొత్తానికి ఒక ప్రతి) తీయాలనిపిస్తుంది. కానీ ఆ ఇమేజ్‌ను అసలు కన్నా చిన్న పార్టిషన్‌లోకి దించడం మామూలుగా కుదరదు. కొత్త డి చిన్నదవుతుంది కాబట్టి, ఇమేజ్ తీయకముందే డి ని దాని కుడి అంచు నుంచి కావలసిన సైజుకు తగ్గించి పెట్టుకోండి.

## పెద్ద ఎస్ఎస్‌డీకి క్లోన్

డిస్క్ మొత్తమే చాలనివాళ్లు గీతలు జరుపుతూ కూర్చోవడం వృథా. కొత్త డిస్క్‌కు క్లోన్ చేసి (పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసి), చివర్లో మిగిలిన ఖాళీని పార్టిషన్లకు పంచండి. పాత డిస్క్ యథాతథంగా చేతిలో ఉంటుంది, అంటే బ్యాకప్ కూడా ఇందులోనే అయిపోయింది. రెండు నియమాలు మాత్రం. మూలం ఏది, గమ్యం ఏది అన్నది డిస్క్ మోడల్ పేరు చూసి నిర్ధారించుకోండి. క్లోన్ అయ్యాక మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్క్‌ను తీసి పక్కన పెట్టండి. పాత డిస్క్ ఎంబీఆర్ (పాత తరహా పార్టిషన్ టేబుల్) అయి, కొత్తది 2 టీబీ దాటితే, ఆ పైభాగం వాడుకోవడానికి కొత్త తరహా అయిన జీపీటీకి మారాలి. విండోస్ 10 లో 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ అందుకే ఉంది.

## పక్క పక్కన పెట్టి చూస్తే

| దారి | ఎడమ అంచు జరుపుతుందా | బిట్‌లాకర్ ఉంటే | మధ్యలో కరెంటు పోతే | ఎవరికి |
|---|---|---|---|---|
| మార్చకుండా సర్దుకోవడం | అవసరం లేదు | సమస్య లేదు | పెద్దగా ఏమీ కాదు | కొద్ది జీబీలు చాలనుకునేవారికి |
| డిస్క్ మేనేజ్‌మెంట్ | జరపదు | పనిచేస్తుంది | రిస్క్ తక్కువ | విండోస్ వాడే అందరికీ, ముందుగా |
| డిస్క్‌పార్ట్ | జరపదు | పనిచేస్తుంది | రిస్క్ తక్కువ, టైపింగ్ తప్పుతో ఎక్కువ | రికవరీ పార్టిషన్ అడ్డున్నవారికి |
| జీపార్టెడ్ లైవ్ | జరుపుతుంది | డీక్రిప్ట్ చేయాలి | మూవ్ సమయంలో రిస్క్ ఎక్కువ | లినక్స్, డ్యూయల్ బూట్ వారికి |
| బయటి టూల్స్ | జరుపుతాయి | టూల్‌ను బట్టి | మూవ్ సమయంలో రిస్క్ ఎక్కువ | బూట్ యూఎస్‌బీ చేయలేనివారికి |
| చెరిపి మళ్లీ పెట్టడం | అవసరం లేదు | పనిచేస్తుంది, కొత్త డి కి మళ్లీ ఆన్ చేయాలి | కాపీ భద్రం | బయటి డిస్క్ ఉన్నవారికి |
| పెద్ద ఎస్ఎస్‌డీ | అవసరం లేదు | క్లోన్ టూల్‌ను బట్టి | పాత డిస్క్ భద్రం | మొత్తం చోటే చాలనివారికి |

## మీరు ఏ రకం?

డి లో సినిమాలు, ఫోటోలు మాత్రమే ఉండి, బయటి డిస్క్ చేతిలో ఉంటే, చెరిపి మళ్లీ పెట్టండి. వేరే ఆలోచన వద్దు.

విండోస్ పక్కన లినక్స్ పెట్టుకోబోతున్నవారు విండోస్ పార్టిషన్‌ను విండోస్‌తోనే తగ్గించండి. వచ్చిన ఖాళీకి పేరు, ఫార్మాట్ ఏమీ ఇవ్వకుండా అలాగే వదిలేయండి, లినక్స్ ఇన్‌స్టాలర్ దాన్ని తీసుకుంటుంది. ఏ ఫైల్ సిస్టమ్‌ను ఆ సిస్టమ్‌తోనే తగ్గించడం నేను గట్టిగా పట్టుబట్టే నియమం.

లినక్స్ సర్వర్ చూసుకునేవారైతే ముందు ఎల్‌వీఎం (డిస్క్ ఖాళీలను ఒక సముదాయంగా కలిపి పంచే లినక్స్ సౌకర్యం) ఉందేమో చూడండి. ఉంటే పక్కపక్కన ఆనుకుని ఉండాలన్న గొడవే లేదు, ఆ సముదాయంలో ఎక్కడున్న ఖాళీనైనా ఎల్‌వీ ఎక్స్‌టెండ్‌తో చేర్చుకోవచ్చు. ఎల్‌వీ రెడ్యూస్ వాడేటప్పుడు ఫైల్ సిస్టమ్‌ను కూడా సరిచేసే ఆర్ ఆప్షన్ తప్పనిసరి. అది లేకుండా వాల్యూమ్‌ను తగ్గిస్తే ఫైల్ సిస్టమ్ చివరి భాగం తెగిపోతుంది.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే, ఐటీ వాళ్లను అడగకుండా దేన్నీ ముట్టుకోకండి. రికవరీ కీ వాళ్ల దగ్గరే ఉండవచ్చు.

బయటి డిస్క్ లేదు, డి నిండా ముఖ్యమైన డేటా, అయినా ఎడమ అంచు జరపక తప్పదు అనే పరిస్థితి అయితే, నా సలహా వాయిదా వేయడమే. ఒక డిస్క్ అరువు తెచ్చుకునేదాకా సి లోని ఫోల్డర్లను డి కి మళ్లించి నెట్టుకురండి.

## మొదలుపెట్టాక

ల్యాప్‌టాప్‌ను ఛార్జర్‌కు, డెస్క్‌టాప్‌ను యూపీఎస్‌కు కలపండి. స్లీప్ ఆఫ్ చేయండి. ముందుగా చెక్ డిస్క్ నడిపి తప్పులుంటే సరిచేయండి. ప్రోగ్రెస్ పట్టీ అరగంట కదలకపోయినా డిస్క్ లైటు మినుకుమంటుంటే పని జరుగుతూనే ఉంది. అప్పుడు పవర్ బటన్ నొక్కడమే అసలు ప్రమాదం.

ఒకవేళ ఆగిపోయి పార్టిషన్ కనిపించకుండా పోతే, 'ఫార్మాట్ చేయమంటారా' అన్న విండోస్ ప్రశ్నకు వద్దు అనండి. ఆ డిస్క్ మీద ఏమీ రాయకండి, రికవరీ సాఫ్ట్‌వేర్‌ను కూడా అందులో ఇన్‌స్టాల్ చేయకండి. పోయింది పార్టిషన్ టేబుల్ మాత్రమే అయితే, వేరే కంప్యూటర్‌కు తగిలించి టెస్ట్‌డిస్క్ అనే టూల్‌తో పాత సరిహద్దులను వెతికి తిరిగి రాయించే అవకాశం బాగానే ఉంటుంది. మూవ్ మధ్యలో ఆగితే అది చాలదు. ముందు డిస్క్ మొత్తాన్ని ఇంకో డిస్క్‌కు సెక్టార్ సెక్టార్‌గా కాపీ తీసి, ఆ కాపీ మీదే ప్రయత్నాలు చేయాలి. డేటా విలువైనదైతే ఆ ప్రయత్నాలు కూడా మీరు చేయకుండా రికవరీ నిపుణులకు అప్పగించండి.